ఎఫ్‌జీఎం గురించి తరగతి గదిలో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: స్త్రీ జననాంగాల కోత (ఎఫ్‌జీఎం) నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి కేటాయించిన ఫిబ్రవరి 6న, మా ఉన్నత పాఠశాల విద్యార్థులతో గంటసేపు మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. వీడియో చూపిస్తే తప్ప పిల్లలకు తీవ్రత తెలియదని కొందరు సహోపాధ్యాయులు అంటున్నారు. మగపిల్లలను బయటికి పంపేయమని మరికొందరి సలహా. ఈ రెండూ నాకు మనస్కరించడం లేదు. ఎలా మొదలుపెట్టమంటారు?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: మనస్కరించకపోవడమే మంచిదైంది. ఈ పాఠానికి సిద్ధమవుతున్నంతసేపూ ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ కోతకు గురైన అమ్మాయి మీ ఎదుట బెంచీ మీదే కూర్చుని ఉండవచ్చు. యునిసెఫ్ 2024లో వెల్లడించిన అంచనా ప్రకారం నేడు జీవించి ఉన్న బాలికలు, మహిళల్లో 23 కోట్ల మందికి పైగా దీని బారిన పడ్డారు. వారిలో 14.4 కోట్ల మంది ఆఫ్రికాలోనూ, 8 కోట్ల మంది ఆసియాలోనూ ఉన్నారు. అందువల్ల రక్తం కనిపించే వీడియో వేస్తే, ఆ అమ్మాయికి తన శరీరాన్నే తెర మీద పెట్టినట్టు ఉంటుంది. 'అనాగరికం' వంటి మాటలు కూడా వద్దు. అవి వింటే తన తల్లినీ అమ్మమ్మనూ తిడుతున్నారనుకుని, చెప్పదలచుకున్నది కూడా మింగేస్తుంది.

ముందు బోర్డు మీద బాహ్య జననాంగాల బొమ్మ గీసి, ఒక్కో భాగానికి పేరు రాయండి. నవ్వులు వినిపిస్తాయి, రెండు నిమిషాల్లో సర్దుకుంటాయి. క్లిటోరిస్ (యోని పైభాగాన ఉండే చిన్న, సున్నితమైన అవయవం) అంటే ఏమిటో తెలియని పిల్లలకు దాన్ని కొంతగానో పూర్తిగానో కోసేస్తారని చెప్పినా, యోని పెదవులను కత్తిరించి మూత్రానికీ ఋతుస్రావానికీ సన్నని దారి మాత్రమే ఉంచి మూసేస్తారని చెప్పినా ఏమీ అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాలుగు రకాలుగా విభజించింది. ఏ రకంలోనూ ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. అధిక రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్లు, మూత్ర సమస్యలు, ప్రసవ సమయంలో చిక్కులు మాత్రం ఉన్నాయి. ఆసుపత్రిలో మత్తుమందిచ్చి చేయిస్తే ప్రమాదం లేదు కదా అని ఎవరైనా అడిగితే, చేసే చేతులు మారినంత మాత్రాన పోయిన భాగం తిరిగి రాదని సూటిగా చెప్పండి.

ఇక అసలు ప్రశ్న: కూతురిని ప్రాణంగా చూసుకునే తల్లి ఇందుకు ఎందుకు ఒప్పుకుంటుంది? మీ గంటలో సగం దీనికే కేటాయించమంటాను. మతం చెప్పింది కాబట్టి అంటారు గానీ, ఖురాన్‌లో గానీ బైబిల్‌లో గానీ ఈ ఆదేశం లేదు. కైరోలోని ప్రసిద్ధ ఇస్లామిక్ విద్యాసంస్థ అల్ అజహర్ పండితులు కూడా 2007లో దీనికి ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో ఆధారం లేదని ప్రకటించారు. చాలాచోట్ల అసలు భయం పెళ్లి గురించి: కోత లేని అమ్మాయికి సంబంధాలు రావని. సెనెగల్‌లోని మాలికుండా బంబారా గ్రామంలో, చదువు నేర్చుకోవడానికి వచ్చిన మహిళలు ఆరోగ్యం, హక్కుల గురించి కూడా తెలుసుకుని, 1997లో ఈ ఆచారాన్ని మానేస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. అప్పుడు పొరుగూరి ఇమామ్ దెంబా జవారా ఒక కిటుకు పట్టుకున్నారు: సంబంధాలు కలుపుకునే ఊళ్లన్నీ ఒకేసారి మానకపోతే, మానేసిన ఊరి పిల్లలకు పెళ్లిళ్లు కావు. ఆయన కాలినడకన ఊరూరూ తిరిగి బంధువులతో మాట్లాడారు. మరుసటి ఏడాది 13 గ్రామాలు కలిసి ప్రకటన చేశాయి. చట్టం అవసరమే, కానీ ఊరి లెక్కను అర్థం చేసుకున్నవాళ్లే ఊరిని కదిలించగలరని నా అభిప్రాయం.

పెళ్లే మూలమైనప్పుడు, రేపు పెళ్లికొడుకులయ్యేవాళ్లను బయటికి పంపడంలో అర్థం లేదు. కెన్యా 2011లో చేసిన చట్టం, కోత చేయించుకోని స్త్రీని ఎగతాళి చేయడాన్నే కాదు, ఆమెను పెళ్లాడిన మగవాడిని ఎగతాళి చేయడాన్ని కూడా నేరంగా పరిగణిస్తుంది. ఆ సెక్షన్ చదివి వినిపించి, అలాంటి నిబంధన ఎందుకు పెట్టవలసి వచ్చిందో మగపిల్లలనే చెప్పమనండి. విద్యార్థుల వల్ల ఏమవుతుందని పెదవి విరిచేవారికి బ్రిస్టల్‌కు చెందిన 17 ఏళ్ల ఫహ్మా మహమ్మద్ గురించి చెప్పవచ్చు. 2014లో ఆమె ప్రారంభించిన విజ్ఞప్తిపై 2 లక్షల మందికి పైగా సంతకాలు చేయడంతో, ఇంగ్లండ్ పాఠశాలలన్నిటికీ ఈ విషయమై లేఖ రాయడానికి విద్యామంత్రి అంగీకరించారు.

ప్రశ్న: సెలవుల్లో ఊరికి తీసుకెళ్లి తనకు 'ఏదో వేడుక' చేస్తారని నా స్నేహితురాలు భయపడుతోంది. ఎవరికీ చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నేనేం చేయాలి?
- ఒక విద్యార్థిని

జవాబు: ఈ ఒట్టు నిలబెట్టుకోవలసినది కాదమ్మా. నువ్వు నమ్మే ఉపాధ్యాయురాలికో, పాఠశాల కౌన్సెలర్‌కో ఈరోజే చెప్పు. ప్రయాణం తేదీ తెలిస్తే అదీ చెప్పు. కోత గాయం మానడానికి సమయం దొరుకుతుందని చాలామంది సుదీర్ఘ సెలవులనే ఎంచుకుంటారు కాబట్టి, ఆలస్యం చేయడానికి లేదు. ఆమె ఇంటివాళ్లను నువ్వు నేరుగా నిలదీయవద్దు, మరో స్నేహితురాలితో కూడా పంచుకోవద్దు. విషయం పొక్కితే ప్రయాణాన్ని ముందుకు జరపవచ్చు. ముందు ఆమెతో, 'నీకోసమే చెబుతున్నాను, నీతోపాటు వస్తాను' అని చెప్పి, వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆమె రానంటే ఒక్కదానివే వెళ్లు.