బొంత కుట్టడానికి వెళ్లొచ్చిన రాత్రి ఏడుపు ఆగలేదు, మానేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది హనుమకొండ. పదకొండేళ్ల కాపురంలో తొమ్మిదేళ్లు దెబ్బలు తిన్నాను. ఏడాదిన్నర కిందట మా పాపను తీసుకుని తల్లిగారింటికి వచ్చేశాను. పాపకు ఎనిమిదేళ్లు. గృహహింస కేసు నడుస్తోంది. ఒక స్కూల్లో క్లర్కుగా చేస్తున్నాను. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో ప్రతి శనివారం మధ్యాహ్నం ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరి పాత చీరలతో బొంతలు కుడతారు. అందరూ నాలా దెబ్బలు తిని బయటపడ్డవాళ్లే. నన్నూ పిలిచారు, రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ఒకావిడ తన సంగతి చెబుతుంటే నా నోట్లోంచీ ఒక మాట జారింది. మా అమ్మకు కూడా చెప్పని మాట అది. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. మా అన్నకు తెలిసి, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఊరు నవ్వుతుంది, కేసూ చెడుతుంది, మానెయ్" అంటున్నాడు. వచ్చే నెల బొంతలను ఎగ్జిబిషన్‌లో పెడతారట. నా పెళ్లిచీర ముక్క కూడా వేయమన్నారు. చీర తీసి కత్తెర పట్టుకున్నా గానీ చెయ్యి ఆడలేదు. పాప "నేనూ వస్తా" అని మారాం చేస్తోంది. వెళ్లాలా, మానేయాలా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మీరు ఎక్కువ భయపడుతున్నది దానికే అనిపించింది నాకు. తొమ్మిదేళ్లూ మీరు ఏడవలేదా? ఏడ్చే ఉంటారు, కాకపోతే చప్పుడు బయటికి రాకుండా, దిండులో మొహం దాచుకుని. ఇప్పుడు తల్లిగారింట్లో, లోపలి నుంచి గడియ పెట్టుకున్న గదిలో ఏడ్చారు. ఏడుపుకూ ఏడుపుకూ తేడా ఉంటుంది.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త, మరొకరితో కలిసి చేసిన ఒక ప్రయోగం 1986లో అచ్చయింది. కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. రాసిన రోజున వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. కానీ జరిగినదీ, దాని మీద తమకు కలిగిన బాధా రెండూ రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఇది అందరికీ ఒకేలా పనిచేయదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మీకిది ఎందుకు చెబుతున్నానంటే, దాచుకున్నది బయటికొచ్చిన రోజు మనసు బరువెక్కడం మామూలే. అంతమాత్రాన ఏదో పాడైపోయినట్టు కాదు.

మరి మంచికా చెడుకా అని తెలిసేదెట్లా? ఆ రాత్రిని చూడకండి, ఆ తర్వాతి మంగళవారాన్ని చూడండి. అప్పటికి స్కూలుకు వెళ్లగలిగారా, రెండు ముద్దలు తిన్నారా, నిద్ర పట్టిందా? పడితే సరే. అలా కాక వారం గడిచినా కన్ను మూతపడకపోయినా, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నా, పట్టపగలు పనిలో ఉండగా ఆ దృశ్యాలే కళ్ల ముందుకు వస్తున్నా, శనివారాలు కొన్నాళ్లు ఆపి డాక్టరును కలవండి. బొంత డాక్టరు పని చేయదు. 14416 టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం వారం ఆగకండి, ఆ క్షణమే చేయండి, అమ్మను లేపండి.

ఇక మీ అన్న మాట. ఆయన మీద కోపం తెచ్చుకోకండి, ఆయన సామెత అబద్ధమేం కాదు. అత్తారింట్లో ఉన్నప్పుడు పక్కింటావిడకు చెప్పుకుంటే అది సాయంత్రానికి భర్త చెవిన పడి, రాత్రికి మీ వీపు మీద పడి ఉండొచ్చు. కాళ్ల మీద పడటమంటే అదే. ఎవరి ముందు చించుకున్నామన్నదే లెక్క. ఊరు నవ్వుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 29 మంది భర్త చేతిలో హింస పడ్డామన్నారు. అదే సర్వేలో, శారీరక, లైంగిక హింస ఎదుర్కొన్న ఆడవాళ్లలో సాయం అడిగింది నూటికి 14 మందే. ఇంక నవ్వడానికి ఊళ్లో మిగిలిందెవరు?

ఇంకో సంగతి. మీరు చేస్తున్నది కొత్త పనేం కాదు. మన అమ్మమ్మలు తిరగలికి చెరోవైపు కూర్చుని పిండి విసురుతూ పాడేవాళ్లు. పాటలో అత్త ఉంటుంది, ఆడబిడ్డ ఉంటుంది, అడవికి పంపేసిన సీత ఉంటుంది. పాడే మనిషి గొంతు ఒకచోట జీరబోతే ఎదుట కూర్చున్నావిడ "ఏమైంది" అని అడిగేది కాదు, కాస్త గట్టిగా అందుకునేది. మీ ఊళ్లో వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు వందల మంది ఒకే "ఉయ్యాలో" అంటుంటే ఎవరి దుఃఖం ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? చేతికి పని, కళ్లు పని మీద, బాధకు పాట ముసుగు. బొంత దగ్గరా అంతే. దబ్బనం మీద చూపు లేకపోతే వేలికి గుచ్చుకుంటుంది కాబట్టి, ఎవరూ ఎవరి మొహంలోకీ చూడరు. అందుకే మాట జారుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు, తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి బృందమే ఒకటి నడిపాం. మొదటి రోజే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "ఒక్కొక్కరూ మీ కథ చెప్పండమ్మా" అన్నాను. మూడో మనిషి వంతు వచ్చింది. ఆవిడ సంచి సర్దుకుని, "గ్యాస్ మీద పాలు పెట్టి వచ్చాను మేడమ్" అని లేచి వెళ్లిపోయింది. ఆవిడ ఇంటి నుంచి అక్కడికి బస్సులో గంట ప్రయాణం. మళ్లీ రాలేదు. తర్వాతి వారం నుంచి నేను కథలు అడగడం మానేశాను. గుడ్డలు, దారం, రంగులు మధ్యలో పెట్టి, టీ పెట్టి ఊరుకునేదాన్ని. చెప్పేవాళ్లు చెప్పారు. ఒకావిడ ఏడు నెలలు ఒక్క ముక్క మాట్లాడకుండా కుట్టింది. ఆవిడ కుట్లే అందరికంటే దగ్గర దగ్గరగా పడేవి.

కాబట్టి వెళ్లండి. కుట్టడానికి వెళ్లండి, చెప్పడానికి కాదు. చెప్పాలనిపిస్తే అది మీ ఇష్టం, ఎవరికీ బాకీ లేరు. "ఇవాళ నేను వింటాను, అంతే" అని ముందే అనేయండి. తలుపు దగ్గర కూర్చోండి, ఊపిరాడనట్టుంటే మధ్యలో లేచి రావడానికి సిగ్గుపడకండి. ఇంటికొచ్చాక ఒంటరిగా గదిలోకి వెళ్లిపోకుండా కాసేపు అమ్మ పక్కన కూరగాయలు తరగండి. జారిన ఆ మాట గురించి టీచరమ్మతో ఒకసారి విడిగా మాట్లాడండి, అది ఆ గది దాటకూడదని అడగండి. ఆవిడ "అయ్యో, మా వాళ్లు ఎవరితోనూ అనరు" అని తేలిగ్గా తీసేయకుండా శనివారం అందరి ముందూ ఒక నియమంలా పెడితే అది మంచి చోటే. పెట్టకపోతే నాకు అనుమానమే.

కేసు సంగతి. బొంత కుట్టినందుకు ఏ కేసూ చెడదు. చెడిపోయే వీలున్నది వాట్సాప్‌లో. ఎవరో ఫొటో తీసి, మీ పేరూ, మీ భర్త మీద నాలుగు మాటలూ కలిపి స్టేటస్ పెడితే అవతలి వకీలు దాన్ని పట్టుకుంటాడు. ఎగ్జిబిషన్‌కు ముందు మీ వకీలును ఒక మాట అడగండి. మీ వకీలు సరిగ్గా వినిపించుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇంకోటి, ప్రతి శనివారం ఒకే టైముకు ఒకే ఇంటికి వెళ్తారన్నది మీ భర్తకు తెలిసే అవకాశం ఉందా? ఉంటే టీచరమ్మకు చెప్పి ఉంచండి. 2005 గృహహింస చట్టం కింద కోర్టు మీకు రక్షణ ఉత్తర్వు ఇచ్చి ఉంటే దాని కాపీ ఫోన్లో పెట్టుకోండి. అది మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వెంటబడితే 112కు, ఏం చేయాలో తోచకపోతే 181కి ఫోన్ చేయండి.

ఎగ్జిబిషన్‌లో పెట్టినంత మాత్రాన పేరు రాయాలని లేదు. 1973లో చిలీలో సైన్యం అధికారం లాక్కున్నాక భర్తలూ కొడుకులూ మాయమైన ఆడవాళ్లు సాంటియాగోలో చర్చి నీడన చేరి, గోనెపట్టా మీద గుడ్డపీలికలతో తమ కథలు కుట్టారు. వాటిని అమ్ముకుని ఇల్లు నడుపుకున్నారు కూడా. ప్రాణభయంతో చాలావాటి మీద పేరు ఉండేది కాదు. 1990లో అమెరికాలో కేప్ కాడ్ ప్రాంతంలోని హయానిస్ ఊళ్లో హింసకు గురైన ఆడవాళ్ల కోసం 31 చొక్కాలను రంగులతో రాసి, గీసి, నడి ఊళ్లో దండెం మీద ఆరేశారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఊళ్లకు పాకింది. దండెం మీది చొక్కా ఎవరిదో ఎవరడిగారు? మీకు పెట్టాలనిపిస్తే అలా పెట్టండి. అనిపించకపోతే ఆ బొంత పాప మీద కప్పండి, దానికేం తక్కువ కాదు.

పెళ్లిచీర మాత్రం ఇప్పుడు కోయకండి. ఎవరో అన్నారని అసలే వద్దు. ఆ చీర ఎవరు కొన్నారు? అత్తవారు పెట్టినదా, మీ అమ్మగారు చీటీ పాడి కొన్నదా? అది కూడా మీరు ఆలోచించుకోవాలి. కోసి హాయిగా ఊపిరి పీల్చుకున్నవాళ్లను చూశాను, కోసిన రాత్రి ముక్కలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చినవాళ్లనూ చూశాను. పట్టు బొంతకు అంతగా నప్పదు కూడా, జారిపోతూ ఉంటుంది, దబ్బనం పోటుకు కన్నాలు కనిపిస్తాయి. అసలు జరీ అయితే కొనేవాళ్లు వస్తారు. నాకు తెలిసిన ఒకావిడ తన పెళ్లిచీర జరీ అమ్మి కొడుక్కి స్కూలు ఫీజు కట్టింది. ఆవిడ మొహంలో ఆ రోజు చూసిన తృప్తి నేను ఏ ఎగ్జిబిషన్‌లోనూ చూడలేదు.

పాపను తీసుకెళ్లకండి. అక్కడి మాటలు ఎనిమిదేళ్ల చెవులకు పనికిరావు, తండ్రి ఇంట్లో తాను చూసింది తనకు చాలు. ఎందుకు వస్తానంటోందో ఆలోచించండి. అమ్మ వెళ్లొచ్చి ఏడ్చింది కదా, కాపలా ఉండాలనుకుంటోందేమో. "అమ్మకు పాత బాధ గుర్తొచ్చి ఏడ్చింది, నీ వల్ల కాదు, ఇప్పుడు బానే ఉంది" అని నోటితో చెప్పండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే అర్థం చేసుకుంటారని ఊరుకోకండి. ఆదివారం మిగిలిన పీలికలు తన ముందు పోసి, బొమ్మకు చిన్న బొంత కుట్టుకోమనండి. సూదిలో దారం మీరు ఎక్కించి ఇవ్వండి.

ఇక ఈ శనివారానికి మీకు కావాల్సింది ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ఒకటి. అది మీ అమ్మగారిని అడగండి. ఎందుకని అడిగితే బొంతకని చెప్పండి, ఇంకేం చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆవిడ పెట్టె తెరిచి ఏ చీర తీస్తుందో, తీస్తూ ఏమంటుందో పక్కనే కూర్చుని వినండి.