డిస్క్‌లో దాచినవి దక్కాలంటే

సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్క్‌లలో ఇంటి కంప్యూటర్ బ్యాకప్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా ఇంటి ఫొటోలు, వీడియోలు కలిపి కంప్యూటర్‌లో 180 జీబీ ఉన్నాయి. షాపులో 50 డీవీడీల డబ్బా తీసుకోమంటున్నారు. సరిపోతుందా? బ్లూ-రే అయితే మేలా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఒక్క కాపీకి సరిపోతుంది. కానీ ఒక్క కాపీ చాలదు, చిక్కు అక్కడే వస్తుంది. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్‌లో 4.38 అనే కనిపిస్తుంది. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. అందులో తక్కువ పడిందేమీ లేదు. ఆ 4.38 కూడా అంచు దాకా నింపకండి. డిస్క్‌ను లోపలి నుంచి బయటికి రాస్తారు. సమాచారం రాసే రంగు పొర సమంగా పరుచుకోకపోవడం, డిస్క్ కాస్త వంగి ఉండటం, వేళ్లు తగలడం లాంటి లోపాలన్నీ ముందు బయటి అంచులోనే బయటపడతాయి. 4.1 దగ్గర ఆపితే మీకు 44 డీవీడీలు కావాలి, రెండు కాపీలకు 88. 8 ఎక్స్ (ఆ రకం డిస్క్ మూల వేగానికి 8 రెట్లు) వేగంలో రాయడానికి, సరిచూడటానికి కలిపి ఒక్కోదానికి 20 నిమిషాలు వేసుకున్నా ఒక్క కాపీకే దాదాపు 15 గంటలు రైటర్ పక్కన కూర్చోవాలి.

25 జీబీ బ్లూ-రే విండోస్‌లో 23.3గా కనిపిస్తుంది. 22 దాకా నింపితే 9 డిస్క్‌లతో పని అయిపోతుంది. 4 ఎక్స్‌లో ఒక్కోటి రాయడానికి 22 నిమిషాలు, సరిచూడటానికి ఇంచుమించు అంతే. అయితే పాత డీవీడీ రైటర్ బ్లూ-రేను చదవలేదు. దానిది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, బ్లూ-రేకు కావాల్సింది 405 నానోమీటర్లది. బ్లూ-రే రైటర్ కొంటే అందులో సీడీలు, డీవీడీలూ చదువుకోవచ్చు. 50 జీబీ దాటిన సరుకును డీవీడీల్లో పెట్టడం చేజేతులా శిక్ష వేసుకోవడమే.

ఇంకో మాట. డిస్క్ అనేది మారని ఫైళ్లకే. పాత ఫొటోలు, పెళ్లి వీడియోలు, స్కాన్ చేసిన దస్తావేజులు, సర్టిఫికెట్లు దాచుకోండి. రోజూ మారే ఫైళ్లకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉండాల్సిందే. ఒకసారి రాసిన డిస్క్ మీద వైరస్ వేలు పెట్టలేదు, పిల్లలు పొరపాటున డిలీట్ చేయలేరు. దాని బలమంతా అదే.

ప్రశ్న: ఖాళీ డీవీడీ పెట్టి ఫోల్డర్లన్నీ కాపీ-పేస్ట్ చేశాను. డిస్క్ తెరిస్తే ఫైళ్లు కనిపించాయి. ఆ ధైర్యంతో కంప్యూటర్ ఫార్మాట్ చేయించాను. ఇప్పుడు డిస్క్ ఖాళీ అంటోంది. – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఆ ఫైళ్లు డిస్క్ మీదికి వెళ్లనే లేదు. విండోస్‌లో 'విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్' అన్న పద్ధతి ఎంచుకుంటే, పేస్ట్ చేసినవన్నీ ముందు సీ డ్రైవ్‌లోని తాత్కాలిక ఫోల్డర్‌లో కూర్చుంటాయి. కిటికీలో అవి కాస్త వెలిసినట్టు, మూలన చిన్న కింది బాణంతో కనిపిస్తాయి. పైన 'డిస్క్‌కు రాయాల్సిన ఫైళ్లు' అన్న అర్థం వచ్చే శీర్షిక ఉంటుంది. 'బర్న్ టు డిస్క్' నొక్కితేనే లేజర్ పని మొదలవుతుంది. మీరు చూసింది ఆ వెయిటింగ్ లిస్టును.

ఫార్మాట్ అయిన కంప్యూటర్‌ను ఇక వాడకండి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకండి. మామూలు హార్డ్ డిస్క్ అయి, క్విక్ ఫార్మాట్ మాత్రమే చేసి ఉంటే, దాన్ని విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫొటోరెక్ లాంటి ప్రోగ్రామ్‌తో చాలా ఫొటోలు వెనక్కి తేవచ్చు. ఫైళ్ల పేర్లు మాత్రం రావు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని చిప్‌ల డ్రైవ్) అయితే ఆశ తక్కువ. ఫార్మాట్ చేసేటప్పుడే ఖాళీ అయిన చోటును చెరిపేసే ట్రిమ్ ఆదేశం దానికి వెళ్లిపోతుంది.

అదే పెట్టెలో కనిపించే రెండో పద్ధతి 'లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్'. అందులో ఫైల్ వెంటనే డిస్క్ మీదికి వెళ్తుంది. అయితే ఒక్కసారే రాయగల ఆర్ రకం డిస్క్‌లో డిలీట్ చేసినా చోటు తిరిగి రాదు, అలా రాసిన డిస్క్‌ను కొన్ని మెషీన్లు చదవవు. బ్యాకప్‌కు మొదటి పద్ధతే మంచిది, లేదంటే ఇమేజ్‌బర్న్ లాంటి ప్రోగ్రామ్ వాడండి. అందులో 'వెరిఫై' గడికి టిక్ ఉందో లేదో చూసుకోండి. రాయడం అయ్యాక డిస్క్‌ను బయటికి తీసి, మళ్లీ లోపలికి తోసి, వీలైతే వేరే డ్రైవ్‌లో పెట్టి నాలుగైదు పెద్ద ఫైళ్లు తెరిచి చూడండి. అసలువి చెరిపేయడం గురించి ఆలోచించాల్సింది ఆ తర్వాతే.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు బయటి నుంచి తగిలించే సన్న రైటర్ కొన్నాను. చదవడం బాగానే ఉంది. రాస్తుంటే మధ్యలో టక్‌మని శబ్దం వచ్చి డ్రైవ్ మాయమవుతుంది. నాలుగు డిస్క్‌లు పాడయ్యాయి. – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నూటికి తొంభై పాళ్లు కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. చదివేటప్పుడు ఆ మాత్రం చాలు. రాసేటప్పుడు లేజర్‌కు బలం కావాలి, మోటారు కూడా వేగం పుంజుకుంటుంది, అక్కడ వోల్టేజీ పడిపోయి డ్రైవ్ తెగిపోతుంది. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి. డ్రైవ్‌తో వచ్చిన పొట్టి కేబుల్ వాడండి. రెండు తలల కేబుల్ ఇచ్చి ఉంటే రెండో తలనూ గుచ్చండి. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ మీద ఉంచి, స్లీప్ మోడ్ ఆపేయండి. వేగం 8 ఎక్స్ నుంచి 4 ఎక్స్‌కు దించి ఒక డిస్క్ రాయండి. అదీ పోతే డిస్క్ కంపెనీ మార్చి చూడండి. అప్పటికీ పోతే డ్రైవ్‌లోనే లోపం.

వేగం ఎంత తగ్గిస్తే అంత మంచిదన్న నమ్మకం సీడీల తొలిరోజులది. 16 ఎక్స్ కోసం తయారైన డీవీడీని 2 ఎక్స్‌లో రాస్తే మేలేమీ లేదు. డిస్క్ మీద ముద్రించిన గరిష్ఠ వేగంలో సగం పెట్టండి, చాలు.

ప్రశ్న: ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకుంటాను. డిస్క్‌లో రాశాక కొన్ని పేర్లు సగంలో తెగాయి. ఒక పెద్ద వీడియో అసలు ఎక్కనే లేదు. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, తెచ్చిన తంటాలే. మీ ప్రోగ్రామ్ ఐఎస్‌ఓ 9660, దాని మీద జోలియెట్ అనే పద్ధతిలో రాసి ఉంటుంది. జోలియెట్‌లో పేరు 64 క్యారెక్టర్లు దాటకూడదు. తెలుగులో ఆ 64 తొందరగా అయిపోతాయి. 'శ్రీ' మనకు ఒక అక్షరమే, కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, ఈత్వం కలిపి నాలుగు. 'తాతయ్య షష్టిపూర్తి' అన్నది మన కంటికి ఏడు అక్షరాలు, మధ్యలో ఖాళీతో కలిపి కంప్యూటర్ లెక్కలో 18. దానికి తేదీ, ఊరు, 'ఎడిట్ చేసింది' అని తగిలిస్తే హద్దు దాటినట్టే.

రాసే ప్రోగ్రామ్‌లో యూడీఎఫ్ అనే ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి. అందులో తెలుగు పేరు 127 క్యారెక్టర్ల దాకా పడుతుంది. వీడియో ఎక్కకపోవడానికీ అదే మందు. మామూలుగా రాసే ఐఎస్‌ఓ 9660లో ఒక్క ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి, ఫోన్‌లో 4కే వీడియో కాసేపు తీస్తే అది దాటిపోతుంది. ఫైల్ డీవీడీలో పట్టనంత పెద్దదైతే మాత్రం ముక్కలు చేయక తప్పదు. ఫైళ్లను కుదించే 7-జిప్ ప్రోగ్రామ్‌లో 'స్ప్లిట్ టు వాల్యూమ్స్' గడి ఉంది. కానీ ఒక్క ముక్క చదవకపోయినా మొత్తం వీడియో చేయిజారుతుంది. ముక్కలు చేయడం కంటే బ్లూ-రేకు మారడమే నయం.

ప్రశ్న: వెయ్యేళ్లు మన్నే ఎం-డిస్క్ అంటున్నారు. నమ్మొచ్చా? – ఇద్దరు పాఠకులు, నిజామాబాద్, చిత్తూరు

జవాబు: డిస్క్‌ను నమ్మొచ్చు, వెయ్యేళ్లను పక్కన పెట్టండి. మామూలు సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో రాసేది సేంద్రియ రంగు పొర మీద. ఎండ, వేడి, తేమ దాన్ని మెల్లగా తినేస్తాయి. అమెరికాలోని యూటాలో పుట్టిన మిలేనియాటా అనే కంపెనీ రంగుకు బదులు రాయిలాంటి గట్టి పొర వాడి ఎం-డిస్క్ చేసింది. ఆ కంపెనీ 2016లో దివాలా తీసింది, డిస్క్‌లను వర్‌బేటిమ్ అమ్ముతోంది. వెయ్యేళ్ల లెక్క వేడి, తేమల్లో పెట్టి చేసిన పరీక్షల నుంచి ముందుకు లాగిన అంచనా. అన్నేళ్ల తర్వాత చదివే డ్రైవ్ ఎక్కడ దొరుకుతుంది? ఎం-డిస్క్ డీవీడీ రాయాలంటే దానికి తగిన రైటర్ ఉండాలి, చదవడానికి మాత్రం ఏ డీవీడీ డ్రైవ్ అయినా చాలు.

బ్లూ-రేలో తేడా అంత పెద్దది కాదు. మామూలు బ్లూ-రే ఆర్ డిస్క్‌లలో రంగు కాకుండా లోహ మిశ్రమాల పొరే ఎక్కువగా ఉంటుంది. ప్యాకెట్ మీద 'ఎల్‌టీహెచ్' అని ఉంటే అది మళ్లీ సేంద్రియ రంగే, తీసుకోవద్దు. ఆర్‌డబ్ల్యూ డిస్క్‌లు దాచుకోవడానికి పనికిరావు. చెరిపి రాసే గుణమే వాటి బలహీనత. రాసే బ్లూ-రే డిస్క్‌ల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మన దేశంలో డీవీడీలంటే మోజర్ బేర్ గుర్తొచ్చేది, నోయిడాలోని ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. డిస్క్‌ల కన్నా ముందు కరవయ్యేది డ్రైవే కావచ్చు, కాబట్టి బ్యాకప్ మొదలుపెట్టేవాళ్లు రెండు డ్రైవ్‌లు కొని ఒకటి విప్పకుండా దాచడం దండగ ఖర్చు కాదు.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు ఊరు. డిస్క్‌లు ఎక్కడ పెట్టాలి? మీద పేరు దేనితో రాయాలి? – ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన సూచన 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ. బందరులో అది అయ్యే పని కాదు, దగ్గరికి చేరితే చాలు. అటక మీద పెట్టొద్దు, స్లాబు వేడంతా అక్కడే. వంటింటి గోడను ఆనుకున్న బీరువా వద్దు. మధ్య గదిలో, బీరువా కింది అరలో, ఒక్కో డిస్క్‌ను గట్టి పెట్టెలో పెట్టి పుస్తకాల్లా నిలబెట్టండి. కొన్నప్పుడు వచ్చిన డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చడం ఖాళీ డిస్క్‌లకే సరి. మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి, కానీ వాన రోజున మూత బిగిస్తే లోపలి తేమను బంధించినట్టే. ఏసీ గదిలో ఓ పూట ఉంచి అప్పుడు మూయండి. చీరల మధ్య వేసినట్టు కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

పేరు రాయడానికి డిస్క్‌ల కోసమే అమ్మే నీటి సిరా మార్కర్ తీసుకుని, మధ్యలో రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక వలయం మీద రాయండి. బాల్ పెన్ ముట్టించొద్దు. సీడీలో సమాచారం ఉన్న పొర పేరు రాసే వైపునే, సన్నటి లక్క పూత కిందే ఉంటుంది. అక్కడ పడిన గీతకు మందు లేదు. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య భద్రంగా ఉంటుంది. బ్లూ-రేలో చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంది, పైన గట్టి పూత వేసింది అందుకే. కాగితం స్టిక్కర్లు అసలే వద్దు. ఓ మూల ఊడినా డిస్క్ తిరిగేటప్పుడు ఊగుతుంది.

ప్రశ్న: 2004 నాటి మా పెళ్లి వీసీడీలు, తర్వాత అదే వీడియోతో చేయించిన డీవీడీ మధ్యలో ఆగిపోతున్నాయి. ఏమైనా దారి ఉందా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు కడగండి. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి కళ్లద్దాల గుడ్డ. మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా కాదు. సమాచారం చుట్టూ సర్పిలంలా ఉంటుంది. అడ్డగీత ఒక్కో చుట్టులో చుక్కంత చోటే పాడుచేస్తుంది, డ్రైవ్ దాన్ని లెక్కగట్టి పూరించుకుంటుంది. చుట్టు వెంబడి పడిన గీత వరసగా బైట్లను మింగుతుంది, దాన్ని పూరించడం డ్రైవ్ వల్ల కాదు.

డీవీడీకి లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి. పాడైన డిస్క్ నుంచి చదవగలిగినంతా అది ఒక ఫైల్‌లోకి తీస్తుంది. బ్లాక్ సైజు 2048 ఇవ్వండి, మ్యాప్ ఫైల్ తప్పకుండా పెట్టండి. చదివిన చోట్లు, చదవని చోట్లు అందులో నమోదవుతాయి. ఒక డ్రైవ్‌లో ఆగితే డిస్క్‌ను ఇంకో డ్రైవ్‌లో పెట్టి అదే మ్యాప్‌తో కొనసాగించవచ్చు. పుట్టింట్లో ఒక కాపీ, అత్తారింట్లో ఒకటి ఉంటే ఇంకా మంచిది. రెండింటి సైజు బైటుతో సహా ఒకటే అయితే, ఒకే ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు ఫైల్) నుంచి కొట్టినవై ఉండొచ్చు. అప్పుడు రెండో డిస్క్‌ను అదే మ్యాప్‌తో నడిపితే మొదటిదానిలోని ఖాళీలు పూడుతాయి. వీడియోలో అక్కడక్కడా అతుకు తేలితే అవి వేర్వేరు ఇమేజ్‌లని అర్థం, విడిగా చదివించండి.

వీసీడీకి ఈ పద్ధతి పనికిరాదు. అందులో వీడియో ఉన్న డీఏటీ (.dat) ఫైల్‌ను ఎక్కువ చోటు కోసం మూడో అంచె దోష సవరణ లేకుండా రాస్తారు, విండోస్ కాపీ ఒక్క మరకకే ఆగిపోతుంది. ఐసోబస్టర్ అనే ప్రోగ్రామ్‌తో ఆ వీడియో ట్రాక్‌ను బయటికి తీయండి. ఒకటి రెండు సెకన్లు గళ్లుగళ్లుగా కనిపించినా మంగళసూత్రం కట్టే ఘట్టం దక్కుతుంది.

ప్రశ్న: ఒక సెట్ అమెరికాలో మా తమ్ముడికి పంపాలనుకుంటున్నాం. విమానాశ్రయం ఎక్స్-రేకు పాడవుతాయా? ఐదేళ్ల తర్వాత బాగున్నాయో లేదో తెలిసేదెలా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఎక్స్-రే ఏమీ చేయదు, ఇది ఫిల్మ్ రోలు కాదు. ఎండలో ఆపిన కారు చేస్తుంది.

రెండో ప్రశ్నకు రాసేముందే ఏర్పాటు కావాలి. 7-జిప్ కొత్త వెర్షన్లలో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే ఎస్‌హెచ్‌ఏ-256 జాబితా ఫైల్ తయారవుతుంది, ఒక్కో ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య అందులో ఉంటుంది. దాన్ని డిస్క్‌లోనూ, కంప్యూటర్‌లోనూ ఉంచండి. ఏడాదికోసారి డిస్క్ పెట్టి అదే మెనూ నుంచి సరిచూసుకోవచ్చు. తేడా తెలియడమే కాక బాగుచేసుకోవడం కూడా కావాలంటే మల్టీపార్ అనే ప్రోగ్రామ్‌తో 10 శాతం రికవరీ ఫైళ్లు చేయండి. 20 జీబీ ఫొటోలకు 2 జీబీ, రెండూ కలిసి ఒకే బ్లూ-రేలో పడతాయి. రెండు సెట్లనూ ఒకే కంపెనీ, ఒకే డబ్బా డిస్క్‌ల మీద రాయకండి. ఆ డబ్బాలో తయారీ లోపం ఉంటే ఏలూరులోనూ అమెరికాలోనూ ఒకే ఏడాది పోతాయి. తాళం వేసిన ఫైళ్లు పంపుతుంటే పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, డిస్క్‌లతో కాకుండా విడిగా ఇవ్వండి.