పార్టీ మారినా పదవి ఎందుకు పోవడం లేదు?

ప్రశ్న: ఒక పార్టీ గుర్తుపై గెలిచిన ఎమ్మెల్యే ఇంకో పార్టీ కండువా కప్పుకున్నా పదవిలో ఎలా కొనసాగుతున్నారు? తప్పు మనుషులదా, చట్టానిదా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మనుషుల తప్పు ఉంది. కానీ అసలు లోపం చట్టంలోనే ఉంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, అనర్హత నిర్ణయాన్ని స్పీకర్ చేతిలో పెట్టింది. స్పీకర్ ఎన్నికయ్యేది సాధారణంగా అధికార పక్షం మద్దతుతోనే. ఫిరాయింపుల వల్ల ఎక్కువగా లాభపడేదీ ఆ పక్షమే. పైగా గడువు రాయలేదు. ఫిర్యాదు కొట్టేస్తే ఆ ఉత్తర్వుపై కోర్టుకు వెళ్లొచ్చు. తేల్చకుండా పక్కన పెడితే సవాలు చేయడానికి ఉత్తర్వే ఉండదు. జాప్యమే ఇక్కడ ఆయుధం.

దీనికి పార్టీ భేదం లేదు. 2014–19 ఆంధ్రప్రదేశ్ సభలో 23 మంది వైసీపీ సభ్యులు టీడీపీలోకి వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ సభ్యుల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమన్నారు. సరిగ్గా మూడింట రెండొంతులు! అంతమంది విలీనానికి ఒప్పుకుంటే అనర్హత వర్తించదు. 2003లో 91వ సవరణ ‘చీలిక’ మినహాయింపును (మూడింట ఒక వంతు మంది విడిపోతే అనర్హత లేదన్నదాన్ని) తీసేసి, విలీనాన్ని మాత్రం ఉంచింది. బీఆర్ఎస్ నుంచి వెళ్లిన పదిమంది విషయంలో, మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది.

మార్గం రాజ్యాంగంలోనే ఉంది. లాభదాయక పదవి వంటి అనర్హతలపై 192వ అధికరణ ప్రకారం గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయాన్నే అమలు చేయాలి. ఫిరాయింపులకూ ఇదే పద్ధతి పెట్టాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. 2020లో సుప్రీంకోర్టు స్వతంత్ర ట్రిబ్యునల్‌ను సూచించింది. ఏది పెట్టినా గడువు చట్టంలో రాయకపోతే జాప్యం అక్కడికి మారుతుందంతే. ఇంకొకటి: ఫిరాయించినవారికి మంత్రి పదవి వద్దనే రాజ్యాంగ నిబంధన 164(1బి), అనర్హత తేలాకే వర్తిస్తుంది. ఫిర్యాదు పెండింగ్‌లో ఉండగానే అది వర్తించేలా మార్చాలి. ఎర పోతే సగం ఫిరాయింపులు ఆగుతాయని మా నమ్మకం.

ప్రశ్న: విప్ (సభలో ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) భయంతో సభ్యులు మనసులో మాట చెప్పలేకపోతున్నారు కదా?

జవాబు: నిజమే. విశ్వాస తీర్మానం, బడ్జెట్ వంటివాటికే విప్ పరిమితం కావాలి. ఇప్పుడైతే ధిక్కరించిన సభ్యుణ్ణి పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే అనర్హత వర్తిస్తుంది.

ప్రశ్న: ఫిర్యాదు ఎమ్మెల్యేలే ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. సభ్యుడు కానివారూ స్పీకర్‌కు ఫిర్యాదు చేయవచ్చని ఒడిశా కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీనామా లేఖ లేకపోయినా, ప్రవర్తనను బట్టి పార్టీని వదిలినట్టు తేల్చవచ్చని 1994 తీర్పు ఉంది. కాబట్టి పత్రికా వార్తలు ఒక్కటే సరిపోవనుకోండి. చేరిక సభ వీడియో, తేదీ, మరో పార్టీ బీ-ఫారంతో పోటీ చేసి ఉంటే ఆ నామినేషన్ నకలు జతచేయాలి.