ఐటీ ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాలంటే ఏడాది ఖర్చులకు డబ్బు ఉంటే చాలా?

తొమ్మిదేళ్ల అనుభవం, ఇంటి లోను, చిన్న పాప. ఏడాదికి సరిపడా డబ్బు దాచాను, రాజీనామా ఇవ్వొచ్చా అని మీరు అడిగారు. నేనూ సరిగ్గా ఇదే లెక్కతో 2021లో బయటికి వచ్చాను. నాకు చాలలేదు.

గచ్చిబౌలిలో ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో పదకొండేళ్లు చేశాను. మాది గుంటూరు దగ్గర పల్లె, ఇంట్లో మిరప సాగు. మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీల్లో సరుకు లెక్క రిజిస్టర్లలో నడవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి, వాళ్లకు సాఫ్ట్‌వేర్ చేయాలనుకున్నాను. మూడు నెలల నోటీసు పీరియడ్ ముగించుకుని అక్టోబరులో బయటపడ్డాను. జనవరికల్లా అప్లికేషన్ సిద్ధమైంది.

తీసుకెళ్లేసరికి సరుకు దిగే రోజులు. గుమాస్తాలకు తలెత్తే తీరిక లేదు. పైగా ఆ ఏడు నల్ల తామర పురుగు పడి ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మిరప తోటలు బాగా దెబ్బతిన్నాయి. "గదులే నిండలేదు బాబూ, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు ఒక ఓనరు గారు. నేను తిరిగిన చోట్ల అద్దె టిక్కీకి (మిరపకాయల బస్తాకి) ఇంత అని ఉంటుంది, అదీ సరుకు బయటికి వెళ్లేటప్పుడే చేతికొస్తుంది. నా కస్టమర్‌కు డబ్బు సీజన్‌ని బట్టి వస్తుంటే, ఒకటో తారీఖు జీతానికి అలవాటుపడ్డ నేను పన్నెండు నెలలని లెక్క వేసుకున్నాను. వేసుకోవాల్సింది రెండు సీజన్ల లెక్క.

ఆ జూన్‌లో, మిర్చి యార్డు వేసవి సెలవులు అయ్యాక, ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరు దయతలచి తన ఆఫీసులో కూర్చోనిచ్చారు. పల్నాడు నుంచి ఒక రైతు బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) పట్టుకుని వచ్చాడు. నలభై టిక్కీల తేజ రకం మిరప, కొనేవాళ్లకు మచ్చు చూపించాలి. రిజిస్టర్లో మూడో గది, రెండో అంతస్తు అని ఉంది. హమాలీలు ముఖాలకు తువాళ్లు చుట్టుకుని ఆ చలిలో, ఆ ఘాటులో గంటన్నర వెతికారు. ఆ లాటుకు ముందు వేరేవాళ్ల బస్తాలు పేర్చి ఉన్నాయి. దొరికేసరికి కొనడానికి వచ్చినాయన వెళ్లిపోయాడు. ఆ రైతు బాండు మడిచి జేబులో పెట్టుకుని, చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మా నాన్నే గుర్తొచ్చాడు.

నేను చేసిందేమో బిల్లులు, ఖాతాలు, రంగురంగుల గ్రాఫులు. వాళ్లకు కావాల్సింది ఏ లాటు ఎక్కడుంది, దాని ముందు ఎవరి సరుకుంది అన్నది. రెండు నెలలు కూర్చుని అదొక్కటే మళ్లీ చేశాను. అక్టోబరులో, నన్ను ఆఫీసులో కూర్చోనిచ్చిన ఆ ఓనరు గారే పాతిక వేల చెక్కు ఇచ్చారు. ఉద్యోగం మానేసిన ఏడాదికి మొదటి సంపాదన అది. అప్పటికి ఖాతాలో రెండు ఈఎంఐలకు సరిపడా మిగిలింది. మా ఆవిడ జీతం లేకపోతే ఆ చలికాలంలోనే మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లేవాణ్ణి.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ కథ చెప్పేటప్పుడు అందరూ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ఫణీంద్ర సామా ఉద్యోగం వదిలిన ధైర్యం గురించే మాట్లాడతారు. దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరకని ప్రయాణికుడు ఆయనే కావడం నాకు అంతకంటే పెద్ద విషయం అనిపిస్తుంది. ఇబ్బంది ఎక్కడుందో ఆయనకు ముందే తెలుసు. మిరప రైతు కొడుకుని అయ్యుండీ నాకు తెలియలేదు, తెలుసనుకున్నాను. ఉద్యోగంలో ఉండగానే పది రోజులు సెలవు పెట్టి అక్కడ కూర్చుని ఉంటే ఎనిమిది నెలలు మిగిలేవి.

ఇంకో రెండు మాటలు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. మానేయకముందే ఆ బీమా కంపెనీతో మాట్లాడి వ్యక్తిగత పాలసీకి మారండి, ముఖ్యంగా ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లుంటే. మీ సొంత పని కోడు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకండి, తర్వాత అది ఎవరిదన్న తగువు వస్తుంది. ఇప్పుడున్న కంపెనీలోనే అయిదేళ్లు దాటి ఉంటే మీకు గ్రాట్యుటీ వస్తుంది, దాన్ని మాత్రం పెట్టుబడిలో కలపొద్దు.

ఇప్పుడు మేం నలుగురం. పాత జీతం ఇంకా రావడం లేదు, ఇల్లు మాత్రం నడుస్తోంది.

మీరు ఎవరికి అమ్మాలనుకుంటున్నారో రాయలేదు. స్కూళ్లా, ఆసుపత్రులా, దుకాణాలా? అది చెబితే, వాళ్ల చేతిలో డబ్బు ఏ నెలల్లో ఆడుతుందో చూసి మీ దగ్గర ఎంత ఉండాలో కలిసి లెక్కేద్దాం.