అప్పు పుడుతుందిలే అన్న ధైర్యం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నాకు 30 ఏళ్లు, పెళ్లి కాలేదు. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు 92,000 చేతికొస్తుంది. అద్దె, ఖర్చులు 34,000, కారు ఈఎంఐ 14,500, ఇంటికి పంపేది 20,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేది) 15,000. బ్యాంకులో 60,000, ఈక్విటీ ఫండ్లలో 4.2 లక్షలు ఉన్నాయి. నాన్నకు 55. సొంతం రెండెకరాలు, కౌలు రెండెకరాల్లో రొయ్యల గుంటలు చేస్తారు. కిందటి పంట పోయింది. మేత డీలరు దగ్గర రెండు రూపాయల వడ్డీకి 9 లక్షల నోటు ఉంది. నా పేరు మీద 12 లక్షలు పర్సనల్ లోన్ తీస్తే 5 లక్షలు డీలరుకు కట్టి 7 లక్షలతో పంట వేస్తానంటున్నారు. 13 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో ఇస్తామని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. తాతకు 79, భూమీ బంగారం అమ్మకానికి పెట్టవద్దంటారు. తమ్ముడికి 23. పదహారు నెలల్లో రెండు ఉద్యోగాలు మానేసి, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో 1.8 లక్షలు పోగొట్టాడు, అందులో కొంత లోన్ యాప్ డబ్బు. అమ్మకు 51, బీపీ, షుగర్ ఉన్నాయి. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు కూడా ఉన్నారు. ఇంట్లో ఎవరి పద్ధతి ఎవరికీ నచ్చదు, రోజూ టెన్షనే. తరాల తేడా అని సర్దుకుపోవాలా? లోన్ తీయమంటారా?

జవాబు: వద్దు, తీయకండి. ఆ ఫోన్లు వచ్చే నంబర్లు బ్లాక్ చేసి మిగతాది చదవండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది లోన్ కోసం కాదు. రెండు రూపాయల వడ్డీ మీద వచ్చే ఉత్తరాలకు నా దగ్గర కొదవ లేదు. చివర్లో మీరు అడిగిన ‘తరాల తేడా’ అన్న మాట దగ్గర ఆగాను. డబ్బు విషయంలో మీ ఇంట్లో తలా ఒక దారి అని మీరు అనుకుంటున్నారు. మీరు పంపిన లెక్కలు చూస్తే నాకు మాత్రం మీ నలుగురు మగవాళ్లూ ఒకే మనిషిలా కనిపిస్తున్నారు.

తేడాలు లేవని అనను. మిలీనియల్, జెన్ జీ అంటూ పుట్టిన ఏడాదిని బట్టి తరాలను విడగొట్టే పద్ధతి అమెరికాది. మన తీరంలో పంటను బట్టి విడగొడితేనే లెక్క సరిపోతుంది. మీ తాతగారిది వరి. ఏడాదికి ఒకసారో రెండుసార్లో పుట్ల లెక్కన డబ్బు చూసిన మనిషి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని మీ తమ్ముడికి తెలుసో లేదో గానీ, తాతగారికి ఇల్లు కట్టిందీ పెళ్లిళ్లు చేసిందీ ఆ పుట్లలోనే గుర్తుంటుంది. నాన్నగారికి 1990ల్లో ఇరవై దాటాయి. టైగర్ రొయ్య ఊళ్లకు డాబాలూ కార్లూ తెచ్చింది ఆయన కళ్ల ముందే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు ఎండబెట్టిందీ ఆయన కళ్ల ముందే. ఒక పంట పోతే మరో పంటలో వస్తుందన్న నమ్మకం ఆయనకు అప్పుడే పట్టుకుని ఉంటుంది. 2009 తర్వాత వనామి అనే కొత్త రకం రొయ్య వచ్చి చాలామంది విషయంలో ఆ నమ్మకాన్ని నిజం కూడా చేసింది. మీకు నెలాఖరు రాగానే జీతం పడుతుంది, కాబట్టి డబ్బంటే మీకు ఈఎంఐల వరస. తమ్ముడికి వారం వారం ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ల గడువు తీరే రోజు.

ఒకరికి ఏడాది, ఒకరికి నాలుగు నెలలు, ఒకరికి నెల, ఒకరికి వారం. డబ్బు కోసం ఎంతకాలం ఆగాలో దాన్ని బట్టే మీ ఇంట్లో ఓపికలూ కోపాలూ తయారయ్యాయి. పని మీద జరిగే గొడవ కూడా అంతే. రాత్రి కరెంటు పోతే గుంట నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్య పైకి తేలుతుంది. గట్టు మీద మంచం వేసుకుని ఏళ్ల తరబడి కాపలా పడుకున్న మనిషికి, సాయంత్రం ఆరు దాటితే ఆఫీసు ఫోన్ ఎత్తననే పిల్లవాడు బాధ్యత లేనివాడిలా కనిపించడంలో వింత లేదు. ఇంత చాకిరీ చేసి చివరికి మిగిలింది 9 లక్షల నోటా అని ఆ పిల్లవాడికి అనిపించడంలోనూ తప్పు లేదు. ఉద్యోగాలు మారినందుకు నేను మీ తమ్ముణ్ని తప్పుపట్టను. చేతిలో మూడు నెలల ఖర్చు లేకుండా మానేశాడు చూడండి, అక్కడ నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లోనే ఒక పని చేయండి. రేపు పొద్దున్నే రెండు లక్షలు కావాల్సి వస్తే ఎక్కడి నుంచి తెస్తారని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. తాతగారు అవ్వ నగలు కుదువ పెడదామంటారు. అమ్మకానికి పెట్టవద్దన్నారే గానీ కుదువ పెట్టవద్దని ఆయన అని ఉండరు. నాన్నగారు డీలరు కాదనడు అంటారు. మీరు క్రెడిట్ కార్డు లిమిట్ గుర్తు చేసుకుంటారు. తమ్ముడు ఫోన్ తీసి యాప్ తెరుస్తాడు. నలుగురికీ అప్పు పుట్టే చోటు ఉంది. రెండు లక్షలు చేతిలో మాత్రం ఎవరి దగ్గరా లేవు. అప్పు పుట్టే చోటునే అందరూ ధైర్యం అనుకుంటున్నారు. నాకు వచ్చే పది ఉత్తరాల్లో ఎనిమిదింటిలో ఇదే తప్పు ఉంటుంది, అందుకే మీ జవాబు ఇంత పొడవు.

అప్పు పుట్టే చోటుతో ఉన్న చిక్కేమిటంటే, అవసరం మీ ఒక్కరికే రాదు. వైరస్ వచ్చిందంటే మీ గుంటతో ఆగదు, పక్క గుంటలకూ పోతుంది, డీలరుకు ఊరంతా బాకీ పడుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ధర దెబ్బ రైతులందరికీ ఒకేసారి తగిలింది. మీ రంగంలోనూ ఉద్యోగాలు తీసేసే రోజులొస్తే బ్యాంకులు కొత్త లోన్లకు చేతులు బిగిస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్న వారం నాకు బాగా గుర్తు. ఆ వారం నాకు ఫోన్ చేసిన వాళ్లలో రాబడి గురించి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. చేతిలో ఉన్నది ఎన్నాళ్లొస్తుందనే అందరి లెక్కా.

మీ 12 లక్షల సంగతి చూద్దాం. 13 శాతానికి ఐదేళ్లంటే నెలకు సుమారు 27,300. ఇప్పుడు మీకు మిగులుతున్నది 8,500. సిప్ ఆపనంటే, ఇంటికి పంపే 20,000 ఆపితే తప్ప ఈఎంఐ కట్టలేరు. అంటే మీరు తీసిన లోన్‌ను మీ అమ్మానాన్నల బియ్యం, మందుల డబ్బుతో కడతారన్నమాట. ఐదేళ్లలో వడ్డీ కిందే 4.38 లక్షలు పోతుంది. ‘24 శాతం అప్పు తీర్చడానికి 13 శాతం అప్పు మేలే కదా’ అని మీరు అడగొచ్చు. 9 లక్షలూ కట్టేసి, నోటు చింపి, ఇక ఆ కొట్టుకు వెళ్లనని నాన్నగారు అంటే ఆ మాట మీద మాట్లాడేవాణ్ని. ఇక్కడ నోటుకు పోయేది 5 లక్షలే. మిగతా 4 లక్షలు రెండు రూపాయల మీదే ఉంటుంది. నాలుగెకరాల వనామికి 7 లక్షలు చివరిదాకా రావని మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. మేత మళ్లీ అదే కొట్టు నుంచి అరువుకే వస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి పాత నోటూ ఉంటుంది, కొత్త ఖాతా తెరుచుకుంటుంది, మీ ఈఎంఐ సరేసరి. జీతం మీద అప్పు చేసి గుంటలో పోయడాన్ని వ్యవసాయం అనలేను, క్షమించండి.

ఆ నోటు మీద తేదీ చూశారా? ప్రామిసరీ నోటు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి, గడువు లోపు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. వడ్డీ కట్టకుండా వదిలేస్తే మీ 9 లక్షలు మూడేళ్లకు 15.48 లక్షలవుతుంది. ఇప్పుడున్న 9 లక్షలు కూడా అలా తిరగరాసిందేనేమో అడగండి. నాన్నగారు ఎంత బతిమాలినా మీరు మాత్రం దాని మీద సంతకం పెట్టకండి.

ఇక అసలు పని. ఈ ఏడాది మీరు చేయాల్సింది ఒక్కటే, అత్యవసర నిధి. మీ వాటా 48,500 చొప్పున ఆరు నెలలకు 2.91 లక్షలు. ఇంటి వాటా 20,000 చొప్పున ఎనిమిది నెలలకు 1.6 లక్షలు. ఎనిమిది ఎందుకంటే ఒక పంట పోయి ఇంకో పంట చేతికొచ్చేసరికి అంత పడుతుంది. మొత్తం 4.51 లక్షలు. బ్యాంకులోని 60,000కు ఫండ్ల నుంచి 2 లక్షలు తీసి కలపండి. కొని ఏడాది దాటిన యూనిట్లు చూసి తీయండి, ఈ ఏడాది మీ మొత్తం లాభం 1.25 లక్షలు దాటకపోతే పన్ను పడదు. సిప్‌ను 15,000 నుంచి 5,000కు తగ్గించండి. అలా మిగిలే 10,000, మిగులులోంచి 4,500 ప్రతి నెలా ఇందులోకే. పదమూడు, పద్నాలుగు నెలల్లో నిండుతుంది. స్వీప్ ఇన్ ఎఫ్‌డీయో (పొదుపు ఖాతాకు జతగా ఉండే డిపాజిట్), లిక్విడ్ ఫండో (త్వరగా వెనక్కి తీసుకోగల ఫండ్), ఎందులో ఉంచినా సరే, దాని మీద చర్చ వద్దు. మార్కెట్ పెరుగుతుంటే సిప్ తగ్గించడమేమిటని మీ ఆఫీసు స్నేహితులు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇంటి వాటా 1.6 లక్షలు ఎవరి చేతిలో ఉండాలంటారా? నాన్నగారి చేతిలో వద్దు, గుంటలోకి పోతుంది. మీ ఉత్తరంలో అమ్మ గురించి బీపీ, షుగర్ తప్ప ఒక్క ముక్క లేదు, గమనించారా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లా మనది. ఆ తర్వాత రోజుకు రూపాయి చొప్పున దాచి ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు నడిపిందీ ఇక్కడి ఆడవాళ్లే. అప్పు అడగడానికి ముందు దాచుకోవడం మన ఊళ్లలో ఎవరైనా పద్ధతిగా నేర్చుకున్నారంటే వాళ్లే. మీ అమ్మగారి దగ్గర సంఘం పాసు పుస్తకం ఉండే ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు అడిగి చూడండి. ఆ 1.6 లక్షలు ఆమెతో కలిసి జాయింట్ ఖాతాలో వేయండి. నాన్నగారి పేరు అందులో ఉండకూడదు.

కంపెనీ ఇన్సూరెన్స్ ఉందని నిశ్చింతగా రాశారు. మీరు ఉద్యోగం మానిన రోజే అమ్మానాన్నల కవర్ కూడా పోతుంది. వాళ్లిద్దరికీ విడిగా కనీసం 10 లక్షల ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) ఈ నెలలోనే తీసుకోండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు, కాబట్టి మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ గడువు తీరే రోజు ఇంకో నెల వెనక్కి పోతుంది. బీపీ, షుగర్ దాచి ప్రపోజల్ నింపకండి, ఏజెంటు చెప్పినా సరే. మీ 8,500 మిగులులో నిధికి పోగా మిగిలే 4,000 దీని ప్రీమియం కోసమే. 2025 సెప్టెంబరు 22 నుంచి దీని మీద జీఎస్టీ కూడా లేదు. తాతగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేని ఆయుష్మాన్ కార్డు గురించి మీ సచివాలయంలో అడగండి. మీకు కోటి రూపాయల టర్మ్ పాలసీ పెళ్లి ముందు చూసుకోవచ్చు.

నోటు తీర్చే దారి అవ్వ నగల్లోనే ఉంది. కొంత అమ్మి తీర్చేస్తే మంచిది, తాతగారు ఒప్పుకోకపోతే బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి ఆ డబ్బు నేరుగా డీలరుకే కట్టండి. కొత్తగా ఒక్క రూపాయి కూడా పైన తీయొద్దు. ముందు అవ్వను అడగండి, నగలు ఆమెవి. పంట విషయంలో, ఈ ఒక్కసారికి కౌలు గుంటలు వదిలేసి సొంత రెండెకరాల్లో సీడ్ (రొయ్య పిల్లలు) పలచగా వేయమనండి. ఆక్వాకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు, దానికి మించి అప్పు వద్దు.

తమ్ముడికి ముందు లోన్ యాప్ బాకీ తీర్చించి, యాప్ తీసేయించండి. 2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు చూసి ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో) 93 శాతం మంది చిన్న ట్రేడర్లు నష్టపోయారని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో చెప్పింది. వందలో మిగిలిన ఏడుగురిలో తానొకణ్నని అతను అంటాడు, ఆ వాదనలోకి దిగకండి. పోయిన 1.8 లక్షలు రాబట్టుకోవడానికి ఇంట్లో ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వకూడదు, అంతే.

నాన్నగారితో ఈ మాట ఫోన్లో చెప్పకండి. శనివారం వెళ్లి, పంట పనులు లేని వేళ చూసుకుని గట్టు మీదే కూర్చుని మాట్లాడండి. లోన్ తీయనని ముందు చెప్పి, నోటు తీర్చడానికి మీరు ఏం చేయగలరో తర్వాత చెప్పండి. నోటు మీద ఉన్న తేదీ, ఇప్పటివరకు కట్టిన వడ్డీ, కౌలు ఒప్పందం ఎప్పటివరకో రాసుకుని నాకు పంపండి. గోల్డ్ లోన్ ఎంత పెట్టాలో అది చూశాక చెప్తాను.