ముందు కాళ్లు చూడు, అమ్మీ

ఉరవకొండ

అమ్మీ,

నిన్న పొద్దుగూకే వేళ మీ నాయన ఫోన్ చేసి, మెరిట్ లిస్టులో నీ పేరు వచ్చిందని, ఆర్మీ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే చెన్నై ఓటీఏకి జాయినింగ్ లెటర్ అందిందని చెప్పాడు. శనక్కాయ బస్తాలు కుడుతున్నాను. దబ్బనం పక్కన పెట్టి అట్లే కూర్చుండిపోయాను. మన ఇంట్లో ఆఫీసర్ అయ్యేది నువ్వే మొదలు. ఇరవై ఎనిమిదేళ్లు నౌకరీ చేసి నేను సుబేదార్‌గా దిగాను. పాసింగ్ అవుట్ రోజు మీ అమ్మా నాయనా నీ భుజాల మీద నక్షత్రాలు పెడుతుంటే నేను వెనకాల నిలబడి చూస్తాను. మొదటి సెల్యూట్ మాత్రం నాదే, ఇంకెవరికీ ఇవ్వను.

సంతోషం అంత ఉన్నా రాత్రి నిద్ర రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

పరుగు, తుపాకీ, మ్యాప్ చదవడం అన్నీ వాళ్లే నేర్పుతారు, 49 వారాలు అదే పని. టైముకు ఐదు నిమిషాలు ముందుండు. అబద్ధం చెప్పకు. జవాన్లు తిన్నాక తిను. వీటి గురించి ఎక్కువ రాయను, నీకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే.

డెహ్రాడూన్ మిలటరీ అకాడమీని 1932లో ప్రారంభిస్తూ అప్పటి సైన్యాధిపతి చెట్‌వుడ్ దొర మూడు మాటలు చెప్పాడు. అక్కడ ఆయన పేరుతో ఉన్న హాల్లో చెక్కి ఉన్నాయి. దేశం భద్రత, గౌరవం, క్షేమం ఎప్పుడూ మొదట. నీ కింద ఉన్నవాళ్ల గౌరవం, క్షేమం, సుఖం ఆ తర్వాత. నీ సుఖం, నీ భద్రత అన్నిటికన్నా చివర. మొదటిదీ మూడోదీ నువ్వు చేయగలవు, నాకు అనుమానం లేదు. కష్టమంతా ఆ రెండో మాటలో ఉంది. ఎందుకంటే జవాను తన బాధ నీకు చెప్పడు.

1984 ఏప్రిల్ 13న మనవాళ్లు సియాచిన్ ఎక్కారు. అప్పటి నుంచి అక్కడ తూటాలకన్నా చలికి, ఎత్తుకు, మంచుపెళ్లలకే ఎక్కువమంది పోయారు. 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి 19 మద్రాస్ బెటాలియన్ వాళ్లు పదిమంది పోయారు కదా. అందులో అప్పటి మన కర్నూలు జిల్లా పార్నపల్లె పిల్లవాడు ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. ఆ వారమంతా నేను టీవీ ముందు నుంచి లేవలేదు. నువ్వప్పుడు చిన్నపిల్లవు, తాతకు ఏమైందని మీ అవ్వను అడిగావంట.

నాకు ఏమైందో ఇప్పుడు చెబుతాను.

నేను నాయిబ్ సుబేదార్‌గా ఉన్నప్పుడు ఆ మంచులోనే ఒక పోస్టులో మూడు నెలలు ఉన్నాను. మొత్తం పదిమందిమి. పోస్ట్ కమాండర్ కొత్త లెఫ్టినెంట్, మీసం కూడా సరిగ్గా రాలేదు. రోజూ సాయంత్రం అందరి బూట్లు, సాక్సులు విప్పించి కాళ్లు చూడాలి, అది రూలు. నడిచినప్పుడు పట్టిన చెమట బూటులోనే గడ్డకడుతుంది. వేలు మొదట సలుపుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ఆ తర్వాత ఏమీ తెలియదు. సలుపు పోయింది కాబట్టి బాగైందనుకుంటాడు మనిషి.

ఒకసారి రెండు రోజులుగా మంచు తుఫాను. పారలతో తీస్తూ ఉండకపోతే గుడిసె పూడిపోతుంది. సాయంత్రానికి నాకు ఒంట్లో శక్తి లేదు. స్టవ్ పక్కన కూర్చున్న చోటి నుంచే "అందరూ సాక్సులు మార్చుకున్నారా?" అన్నాను. "మార్చుకున్నాం సాబ్" అన్నారు. రేడియో దగ్గరి నుంచి లెఫ్టినెంట్ అడిగాడు, "కాళ్లు చూశారా సాబ్?" అని. "చూశాను సర్" అన్నాను.

పొద్దున ఒక జవాను అడుగు తడబడుతూ కనిపించాడు. ఇరవై ఏళ్లవాడు. బూటు లాగి, సాక్సు కత్తెరతో కోశాం. ఎడమకాలి మూడు వేళ్లు కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఉన్నాయి. గోటితో నొక్కాను. వాడికి తెలియలేదు. నా ముఖంలోకి చూసి, "నొప్పి లేదు సాబ్, కిందికి పంపొద్దు" అన్నాడు. కొత్తవాడు, పనికిరాడంటారేమోనని దాచుకున్నాడు. ఒకడు మంచు తెచ్చి రుద్దబోతే ఆపాను, రుద్దితే ఇంకా పాడవుతుంది. నేను సరిగ్గా చేసింది ఆ ఒక్కటే. ఆకాశం తెరిపిచ్చి హెలికాప్టర్ వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆస్పత్రిలో మూడు వేళ్లూ తీసేశారు.

రేడియోలో మా బెటాలియన్ పెద్ద, సీఓ సాబ్ అడిగాడు, కాళ్లు ఎవరు చూశారని. "పోస్టు నాది సర్, బాధ్యత నాది" అన్నాడు లెఫ్టినెంట్. నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు అమ్మీ. రెండు రోజులు ఒక్క ముద్ద దిగలేదు. మూడో రోజు ఆయన ముందుకు పోయి, అబద్ధం చెప్పానని ఒప్పుకుని, రేడియో అడిగి సీఓ సాబ్‌కు కూడా చెప్పాను. పడాల్సిన శిక్ష పడింది. ఆ పిల్ల ఆఫీసర్ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి తానే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరి పాదం ఒళ్లో పెట్టుకుని టార్చి వేసి వేళ్ల సందులు చూసేవాడు. నేను సాక్సులు విప్పేవాణ్ని.

నీ దగ్గరా నాలాంటి సాబ్ ఒకడు ఉంటాడు. నీ వయసంత సర్వీసు ఉంటుంది. గౌరవంగా మాట్లాడు, తెలియనిది అడిగి నేర్చుకో. అయినా ఆయన "చూశాను" అంటే, "పదండి సాబ్, ఇంకోసారి ఇద్దరం చూద్దాం" అను. ఆయనకు చిన్నతనమేమో అని ఆగొద్దు. ఆ సాయంత్రం నన్ను అట్లా లేపి ఉంటే ఆ పిల్లవాడి వేళ్లు మిగిలేవి.

నీకు సిగ్నల్స్ వస్తుందో, సరుకులు, బండ్లు నడిపే ఏఎస్‌సీ వస్తుందో నాకు తెలియదు. ఎక్కడైనా ఇదే. కాన్వాయ్ డ్రైవర్‌ను నిద్రపోయావా అని అడిగితే పోయానంటాడు, నువ్వు వాడి కళ్లు చూడు. మన వైపు జవాను ఒకడు విత్తనం వేయాలని ఛుట్టీ అడిగాడు. ఆ ఏడు ఇంకా వాన పడనే లేదని నాకు తెలుసు. పక్కకు పిలిచి టీ ఇప్పించి కూర్చోబెడితే అప్పుడు బయటపడింది, బోర్లు వేసి నీళ్లు పడక వాళ్ల నాయన అప్పులపాలై ఇల్లు వదిలిపోయాడని. ఛుట్టీ కాగితంలో ఒక్క లైనే ఉంటుంది అమ్మీ.

ఇంకొకటి. పోయిన ఏడు ఎన్‌సీసీ క్యాంపులో చీలమండ బెణికితే ఎవరికీ చెప్పకుండా పరేడ్ చేశావంట. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది, అప్పుడే తిట్టాల్సింది, పండగని ఊరుకున్నాను. సియాచిన్‌లో ఆ పిల్లవాడు చేసింది అదే కదా! రేపు నీ కింద ముప్పై మంది ఉంటారు. నువ్వు కుంటుతూ నవ్వితే వాళ్లూ కుంటుతూ నవ్వుతారు, నీకు ఎవరి కాలు ఎట్లుందో ఎప్పటికీ తెలియదు. నాలుగేళ్లప్పుడు చేన్లో తుమ్మముల్లు గుచ్చుకుంటే నా ఒళ్లో కాలు పడేసి ఊరంతా వినబడేలా ఏడ్చావు. పిన్నీసుతో తీసేదాకా నా చెవి పట్టుకునే ఉన్నావు. ఆ పిల్లనే నేను చెన్నైకి పంపుతున్నాననుకుంటున్నా.

కొత్త బూట్లు రేపే కొనుక్కో. వెళ్లేలోపు రోజూ గంటసేపు మిద్దె మీద వేసుకుని నడువు, మెత్తబడతాయి. నూలు సాక్సులు ఆరు జతలు పెట్టుకో. మీ నాయనతో వేయించిన శనక్కాయలు, బెల్లం పంపిస్తున్నాను, రూములో పిల్లలందరికీ పెట్టు.

మొదటి వారం ఫోన్ చేసినప్పుడు బాగున్నానని చెప్పకు. కాళ్లు ఎట్లున్నాయో చెప్పు. బొబ్బలుంటే ఏ వేలికో చెప్పు.

మీ చిన్నతాత