ఆయిల్ రంగుల్లో కథలు గీస్తానంటున్న అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మొదటి ఏడాది 94 శాతం మార్కులు వచ్చాయి. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దంటోంది. వందేళ్ల కిందటి అమెరికన్ కథల పుస్తకాలకు హోవార్డ్ పైల్, ఎన్.సి. వైయెత్ వేసిన ఆయిల్ పెయింటింగులు చూసి, తానూ అలాంటివే వేస్తానంటోంది. బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) మంచిదా, యానిమేషన్–వీఎఫ్ఎక్స్ డిప్లొమా మంచిదా? దేనికి ఉద్యోగ భద్రత ఎక్కువ? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బొమ్మలు వేసే పిల్లల తల్లిదండ్రులు కోర్సుల పేర్లు ఏవి చెప్పినా, అడిగేది మాత్రం రేపు పిల్ల బతుకు ఎలా గడుస్తుందనే. అందుకని ముందు ఆ సంగతే చూద్దాం. మీ అమ్మాయి ఇష్టపడిన చిత్రకారులు పత్రికలు, ప్రచురణకర్తలు గడువు పెట్టి అడిగిన బొమ్మలు వేసి ఇల్లు నడుపుకున్నవారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి హాఫ్‌టోన్ ముద్రణ వ్యాపించడంతో, చెక్క మీద బొమ్మ చెక్కే పనివారి అవసరం లేకుండా, పెద్ద కాన్వాస్ మీద వేసిన పెయింటింగును నేరుగా ఫొటో తీసి, చిన్న చిన్న చుక్కలుగా మార్చి పుస్తకం పేజీలో అచ్చు వేయడం సాధ్యమైంది. కథలకు ఆయిల్ రంగుల బొమ్మలు అంతగా రావడానికి అదొక ముఖ్య కారణం.

వైయెత్ తండ్రి కూడా మీలాగే కొడుకు ఏదైనా పనికొచ్చే విద్య నేర్చుకోవాలని కోరుకున్నాడు. అతడిని ప్రోత్సహించింది తల్లి. 1902 అక్టోబరులో అమెరికాలోని విల్మింగ్టన్‌లో పైల్ నడుపుతున్న చిత్రకళా బడిలో చేరిన ఆ కుర్రవాడి బొమ్మ, 1903 ఫిబ్రవరిలో ‘శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. 1911లో ‘ట్రెజర్ ఐలండ్’ నవలకు వేసిన బొమ్మల పారితోషికంతో ఛాడ్స్‌ఫోర్డ్‌లో స్థలం కొని ఇల్లు, స్టూడియో కట్టుకున్నాడు.

ఇక్కడ గమనించవలసింది పైల్ ఏం నేర్పాడన్నది. 1900లో డ్రెక్సెల్ విద్యాసంస్థలో బోధన ఉద్యోగం వదిలి సొంత బడి పెట్టిన ఆయన, ఎంపిక చేసుకున్న కొద్దిమంది విద్యార్థుల దగ్గర బోధనకు రుసుము తీసుకోలేదు. రంగులు పూసే మెళకువల కన్నా, కథలో ఏ క్షణాన్ని బొమ్మగా ఎంచుకోవాలి, ఆ క్షణంలో చిత్రకారుడు తానే నిలబడి ఎలా చూడాలి అన్నదానిమీదే ఆయన పట్టుబట్టేవాడు. ‘ట్రెజర్ ఐలండ్’లో కథానాయకుడైన కుర్రవాడు జిమ్ ఇల్లు విడిచి వెళ్లడం ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. వైయెత్ దానినే ఎంచుకుని, వెనుక ఏడుస్తున్న తల్లిని, ముందుకు నడుస్తున్న కుర్రవాడిని చూపించాడు. ఆ బొమ్మను మీరు ఒక్కసారి చూడండి.

అయితే పత్రికలకు, పుస్తకాలకు ఆయిల్ బొమ్మలు వేసే ఆ కొలువు ఇప్పుడు లేదని కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. గత శతాబ్దం మధ్య నాటికే పత్రికల పుటలను ఫొటోలు ఆక్రమించాయి. 1916 నుంచి ‘పోస్ట్’ ముఖచిత్రాలు వేసిన నార్మన్ రాక్‌వెల్ 1963లో ఆ పత్రికను వీడాడు. అన్నీ కలిసివచ్చిన వైయెత్‌కు సైతం, తనను ఇలస్ట్రేటర్‌గానే (కథలకు బొమ్మలు వేసేవాడిగానే) చూస్తారు తప్ప చిత్రకారుడిగా గుర్తించరన్న దిగులు పోలేదు. నేడు కథను బొమ్మగా చెప్పగలవారికి పిల్లల పుస్తకాలు, సినిమాల కాన్సెప్ట్ ఆర్ట్ (దృశ్యాలను ముందే ఊహించి బొమ్మలుగా గీయడం), గేమ్‌లు వంటి చోట్ల పని ఉంది. ఆయిల్ రంగులు మాత్రం ఎవరూ అడగరు.

అలాగని యానిమేషన్ డిప్లొమా వైపు పరుగెత్తకండి. ఆ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వీటిలో అనేకం సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుందో నేర్పి, మనిషిని చూసి గీయడానికి వారానికి ఒకటి రెండు గంటలు కూడా కేటాయించవు. బయటికి వచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలన్నీ (తాము వేసిన బొమ్మల సంపుటాలు) ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్న మాట వెనుక తరచూ ఉండేది, ఫ్రేము తరువాత ఫ్రేములో మనుషుల అంచులు కత్తిరించే రోటో పని. అటువంటి ప్రాథమిక పనులను ఇప్పుడు కృత్రిమ మేధ కూడా అందుకుంటోంది. ఫీజు కట్టే ముందు, డ్రాయింగ్‌కు వారానికి ఎన్ని గంటలో, నిరుడు చదివినవారు ఏ పనిలో చేరారో అడగండి. జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి.

కోప్పడకుండా ఇంకొక మాట వినండి. మీరు మార్కుల శాతం రాశారు, ఉద్యోగ భద్రత గురించి అడిగారు. అమ్మాయి ఎన్నేళ్లుగా గీస్తోందో, ఏ కథకు ఏ బొమ్మ వేసిందో ఒక్క ముక్క రాయలేదు. బిడ్డ చేస్తున్న పనిని చూడకుండా దాని భవిష్యత్తును తేల్చమని మరొకరిని అడగడం న్యాయం కాదు. కంప్యూటర్ సైన్స్ పట్టా తీసుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారు నా దగ్గరికి తక్కువమందేమీ రావడం లేదు. మీ అమ్మాయి దారి తప్పలేదు. తనకేం కావాలో పేర్లతో సహా చెప్పగలిగే పిల్లలు అరుదు. తొలి ఏళ్లలో ఆదాయం తక్కువగా ఉండవచ్చు, కానీ చేతిలో గీసే నేర్పు ఉన్నవారు ఒక రకం పని పోయినా మరొక దానికి మళ్లగలరు.

నా సలహా నాలుగేళ్ల బీఎఫ్ఏ. ప్రవేశ పరీక్షల సంగతి మీకు తెలిసే ఉంటుంది కనుక వదిలేస్తున్నాను. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) వంటి చోట పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్ (పుస్తకాలు, ప్రకటనల వంటి అవసరాలకు బొమ్మలు వేసే కళ) వేర్వేరు విభాగాలు. పుస్తకానికి బొమ్మ వేయాలనుకునే పిల్లకు అప్లైడ్ ఆర్ట్ దగ్గరి దారి. ఆయిల్ రంగులు అక్కడ ప్రధానం కాకపోయినా, సాయంత్రాలు తనంతట తాను సాధన చేసుకోవచ్చు. డిజిటల్ సాఫ్ట్‌వేర్‌ను మూడో ఏడాదిలో నేర్చుకున్నా ఆలస్యమేమీ కాదు.